ఫిర్యాదు తీసుకుని రసీదు ఇవ్వరేం?

సంపాదకుడు గారికి,

జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా మన జిల్లాలో జరిగిన సభ గురించి మీ పత్రికలో చదివి వారం దాటింది. మోసపోతే ఊరుకోవద్దని, ధైర్యంగా ముందుకొచ్చి ఫిర్యాదు చేయాలని వక్తలు ప్రజలకు హితవు చెప్పారు. ఆ మాటలు చదివినప్పటి నుంచి మనసు ఊరుకోక ఈ లేఖ రాస్తున్నాను. ఫిర్యాదు చేయడానికి జనం వెనకాడటం లేదు. దాన్ని తీసుకునే నాథుడే లేడు. ఒకవేళ తీసుకున్నా, అందినట్టు సంతకం చేసి ఇచ్చేవారు అసలే లేరు.

శ్రీకాకుళం పట్టణంలో మాకు ఖాతా ఉన్న బ్యాంకు శాఖ సంగతే చెబుతాను. నెల మొదటి వారంలో గార, పోలాకి, సరుబుజ్జిలి వైపు నుంచి వచ్చిన వృద్ధులతో అది నిండిపోతుంది. వారిలో చాలామంది పిల్లలు చెన్నైలోనో హైదరాబాదులోనో పనులు చేసుకుంటూ పంపిన నాలుగు డబ్బుల కోసం వచ్చినవారే. డబ్బు తీసుకునే ఫారం మీద తెలుగు అక్షరం కనిపించదు. పాస్‌బుక్కు ముద్రించే యంత్రానికి ‘పనిచేయడం లేదు’ అని అంటించిన కాగితం పసుపుబారి అంచులు లేచిపోయింది. బల్లకు దారంతో కట్టిన పెన్నులో రీఫిల్ ఉండదు. ఒక ముసలమ్మ ఆ ఫారం పట్టుకుని వరుసలో నిల్చున్న ప్రతివారినీ ‘బాబూ, ఈ కాయితం కాస్త రాసెట్టు’ అని బతిమాలుకోవడం, చివరికి కౌంటరు దగ్గరికి చేరితే లోపలి ఉద్యోగి తలెత్తకుండానే ‘సర్వర్ లేదు, మధ్యాహ్నం రా’ అనడం నేను కళ్లారా చూశాను. తల్లి వయసున్న మనిషిని అలా కసురుకునే చనువు వారికి ఎవరిచ్చారు?

నిబంధనలు లేక ఇలా జరగడం లేదు. ఖాతాదారులు వాడే ఫారాలు, పాస్‌బుక్కులు ఇంగ్లీషు, హిందీలతో పాటు ప్రాంతీయ భాషలోనూ ఉండాలని, పనివేళలు ముగిసేలోగా లోపలికి వచ్చిన ప్రతివారి పనీ చేసి పంపాలని, ఫిర్యాదుల పుస్తకం ఉంచి అందులోంచి ఒక ప్రతిని ఫిర్యాదుదారుకు అక్కడికక్కడే చింపి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2015 జూలైలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో (బ్యాంకులకిచ్చిన ఆదేశాలను ఒకచోట చేర్చిన ఉత్తర్వులో) స్పష్టంగా రాసింది. వృద్ధులకు ప్రత్యేక కౌంటరు గానీ, ఉన్న కౌంటరులో ప్రాధాన్యం గానీ ఇవ్వాలని 2017 నవంబరులో మళ్లీ ఆదేశించింది. మా శాఖలో ఫిర్యాదుల పుస్తకం అడిగితే ‘అదంతా ఇప్పుడు ఆన్‌లైన్ అండీ, టోల్‌ఫ్రీకి చేసుకోండి’ అని పంపేశారు. ఆ నంబరుకు చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే రికార్డు తప్ప మనిషి గొంతు వినిపించదు.

అసలు నష్టం ఇక్కడే జరుగుతోందని మీ పాఠకులు గమనించాలి. బ్యాంకుల మీద వచ్చే ఫిర్యాదులను విచారించే అధికారి అంబుడ్స్‌మన్. రిజర్వు బ్యాంకు ఏకీకృత అంబుడ్స్‌మన్ పథకం కింద ఆయనకు పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు. కానీ ముందుగా బ్యాంకుకు ఫిర్యాదు చేసి ఉండాలి, వారు 30 రోజుల్లో సమాధానం ఇవ్వకపోవడమో, ఇచ్చినది సరిగా లేకపోవడమో జరగాలి. కౌంటరులో కాగితమే తీసుకోకపోతే, తీసుకున్నా అందినట్టు రాసివ్వకపోతే, ఆ 30 రోజులు ఎప్పుడు మొదలైనట్టు? ఏటీఎంలో డబ్బు రాకుండానే ఖాతాలో కోత పడితే ఐదు రోజుల్లో తిరిగి జమ చేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారు అడగకపోయినా పరిహారం వేయాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. మా వీధిలో ఒకరికి ఇలా జరిగితే ‘దానంతట అదే పడుతుంది, వెళ్లండి’ అన్నారే గానీ పరిహారం మాటే ఎత్తలేదు. చేతిలో రసీదు లేని మనిషి ఎవరిని నిలదీస్తాడు?

గ్యాస్ ఏజెన్సీల తీరూ ఇంతే. ఇంటికి చేర్చే ఖర్చు బిల్లులోనే కలిసి ఉంటుంది. అయినా గుమ్మంలో అదనంగా చెల్లించనిదే సిలిండర్ దిగదు, ఆ అదనపు సొమ్ము ఏ బిల్లులోనూ కనిపించదు. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది కాబట్టి, దానికి 14.2 కిలోలు కలిపి సరిచూసుకోవడం వినియోగదారుడి హక్కు. కాటా ఏదని అడిగితే ఆ కుర్రాడు బిత్తరచూపులు చూస్తాడు. ఎండలో మెట్లెక్కి మోసుకొచ్చే అతణ్ణి అనడానికి నాకు మనసొప్పదు. అతనికి సరైన జీతం ఇవ్వక, కాటా చేతికివ్వక మన మీదికి పంపే యాజమాన్యాన్ని అడగాలి.

2019 వినియోగదారుల చట్టం మన మొర వినిపించుకునే హక్కును మనకిచ్చింది. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారమైతే జిల్లా కమిషన్‌లో రుసుము కూడా లేదు. అక్కడా మొదట అడిగేది ఆధారాలే. చదువుకున్నవారమే ఒక సంతకం సంపాదించలేక వెనుదిరుగుతుంటే, వేలిముద్ర వేసే ఆ ముసలమ్మ ఏ ఆధారంతో కమిషన్ మెట్లెక్కుతుంది? సభల్లో మైకు ముందు నిలబడి ధైర్యం చెప్పే అధికారులు ఒక్క రోజు పేరు చెప్పకుండా వరుసలో నిలబడితే ఈ సంగతి వారికే అర్థమవుతుంది.

బ్యాంకర్ల సమావేశాల్లో రుణ లక్ష్యాల గురించి ఎంతో చర్చిస్తారు. వచ్చే సమావేశంలోగా ప్రతి శాఖలోనూ తెలుగు ఫారాలు, ఫిర్యాదుల పుస్తకం ఉన్నాయో లేవో తనిఖీ చేయించి, ఏ శాఖలో లేవో పేర్లతో సహా పత్రికలకు వెల్లడించాలని జిల్లా కలెక్టరు గారిని కోరుతున్నాను. గ్యాస్ బండ్లలో కాటాల సంగతి తూనికలు, కొలతల శాఖ చూడాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం