ఒక్క సున్నా, పదకొండు నెలల నిరీక్షణ

సంపాదకులకు నమస్కారం.

అడ్వాన్స్ ట్యాక్స్, అంటే ఆదాయపు పన్నుని ఏడాది ముగియకముందే వాయిదాల్లో కట్టేది, దాని రెండో వాయిదా సెప్టెంబరు 15లోగా కట్టాలని, లేకపోతే వడ్డీ పడుతుందని మీరు పోయిన వారం వార్త వేశారు. బాగానే ఉంది. మరి పొరపాటున ఎక్కువ కట్టేసినవాళ్ల గతేమిటి? దాని గురించి ఒక్క ముక్క లేదు. నాలుగు రోజులు ఆగి చూశాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

నాకు వచ్చేది ఇంటి అద్దె, డిపాజిట్ల మీద వడ్డీ. పోయినేడు మొత్తం పన్ను 48,000 అవుతుందని మా ఆడిటర్ గారు లెక్క వేశారు. జూన్‌లో 15 శాతం కింద 7,200 కట్టాను. సెప్టెంబరుకి 45 శాతం పూర్తవాలి కాబట్టి ఇంకో 14,400 కట్టాలి. గడువుకి ముందురోజు రాత్రి కూర్చుంటే ఓటీపీ రాక రెండుసార్లు మళ్లీ మొదటికొచ్చింది. మూడోసారి కంగారులో 1,44,000 కొట్టేశాను. బ్యాంకు మెసేజ్‌లో మిగిలిన బ్యాలెన్స్ చూసేదాకా ఆ సంగతి తెలియలేదు. చేతులు వణికాయి. అది మా అమ్మాయి కాలేజీ ఫీజుకని తీసిపెట్టిన డబ్బు.

తప్పు నాదే, కాదనను. తెల్లారగానే బ్యాంకుకి పరిగెత్తాను. డబ్బు ప్రభుత్వ ఖాతాకి వెళ్లిపోయింది, మా చేతుల్లో లేదన్నారు. చలానాలో తప్పులు దిద్దుకునే వీలు వెబ్‌సైట్‌లో ఉంది. సంవత్సరం తప్పు పడినా, పన్ను రకం తప్పు పడినా మార్చుకోవచ్చు. అంకె మాత్రం మార్చడానికి లేదు! ఏడాది ముగిశాక రిటర్న్ వేసి రిఫండ్ అడగడమొక్కటే దారి అన్నారు ఆడిటర్ గారు. డిసెంబరు, మార్చి వాయిదాలు కట్టే పని తప్పిందన్న మాటే గానీ, ఏడాది పన్నంతా పోను 1,03,200 అలాగే ఇరుక్కుపోయింది. ఫీజు కోసం మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాం.

జూలైలో గడువులోపే రిటర్న్ వేశాను. ఆగస్టులో డబ్బు వచ్చింది. దాంతో పాటు వడ్డీ 2,580. ఇదెలా లెక్క కట్టారో పాఠకులకు తెలియాలి. నేను కట్టింది సెప్టెంబరులో అయినా వడ్డీ లెక్క మొదలయ్యేది ఏప్రిల్ 1 నుంచే. అంతకుముందు ఆరున్నర నెలలకి పైసా రాదు. మనం తక్కువ కడితే వాళ్లు వేసేది రూపాయి వడ్డీ, మనకి వాళ్లు ఇచ్చేది అర్ధరూపాయి వడ్డీ. రిఫండ్ మొత్తం అసలు పన్నులో పదో వంతు కన్నా తక్కువైతే అదీ లేదు. ఇచ్చిన ఆ వడ్డీని మళ్లీ ఆదాయంలో చూపించి పన్ను కట్టాలి. ఇదేం న్యాయం?

ఒక్క ఆదాయపు పన్ను శాఖే అని కాదు. కట్టమని మెసేజ్‌లు, మెయిళ్లు గడువుకి పది రోజుల ముందు నుంచే మొదలవుతాయి. ఎక్కువ కట్టామని మనం రాస్తే జవాబిచ్చే మనిషి ఏ ఆఫీసులోనూ దొరకడు. మా పక్కింటాయన ఇంటి పన్ను రెండుసార్లు కట్టి, వచ్చే ఏడాది సర్దుతామన్న మాట మీద రెండేళ్లుగా తిరుగుతున్నాడు. ఒకప్పుడు కనీసం కౌంటర్ దగ్గర మనిషి ఉండేవాడు, బతిమాలుకుంటే వినేవాడు.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టాన్ని తీసేసి 2025లో కొత్త చట్టం చేశారు. భాష తేలిక చేశామన్నారు, సంతోషం. కానీ పొరపాటున పడిన డబ్బుని ఏడాది మధ్యలో వెనక్కి అడిగే వీలు అందులోనూ పెట్టలేదు. జూన్‌లో 7,200 కట్టినవాడు సెప్టెంబరులో 1,44,000 ఎందుకు కట్టాడో వాళ్ల కంప్యూటరుకి అనుమానం రావద్దా? 30 రోజుల్లోపు అర్జీ పెట్టుకుంటే పాత చలానాలు చూసి తిరిగిచ్చే ఏర్పాటు చేయాలి. వడ్డీని మనం డబ్బు కట్టిన రోజు నుంచే లెక్కించాలి. డిసెంబరు వాయిదా వార్త వేసేటప్పుడు దయచేసి ఈ రెండు విషయాలూ అధికారులను అడిగి, వాళ్లేమన్నారో అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు