డిస్కు బీరువాలో ఉంటే భద్రంగా ఉన్నట్టేనా?

సంపాదకుల వారికి,

నాన్నగారి ఫొటోలున్న 2004 నాటి హార్డ్ డిస్కును మొన్న బీరువాలోంచి తీసి, దాని వెడల్పాటి రిబ్బను కేబులుకు సరిపోయే అడాప్టరు కోసం వారం తిరిగి, తీరా తగిలిస్తే టిక్కుటిక్కుమనే శబ్దం తప్ప మరేమీ రాలేదు. ఏళ్ల తరబడి తిరగని డిస్కులో కందెన గట్టిపడి మోటారు బిగుసుకుపోవచ్చు. తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో సమాచారాన్ని దాచే ఎస్‌ఎస్‌డీ అయితే, కరెంటు అందక ఆ సమాచారాన్ని నిలిపి ఉంచే విద్యుదావేశం క్రమంగా తగ్గిపోతుంది. బ్రిటన్ జనజీవన వివరాలను బీబీసీ 1986లో లేజర్ డిస్కులకెక్కించిన డోమ్స్‌డే ప్రాజెక్టు, చదివే యంత్రాలు కరువై పదిహేనేళ్లకే చిక్కుల్లో పడింది. దానికి ప్రేరణైన ఇంగ్లండు భూముల లెక్కలు రాసిన 1086 నాటి తోలు గ్రంథం ‘డోమ్స్‌డే బుక్’ను మాత్రం నేటికీ చదవవచ్చు.

పాత పత్రాలను డిజిటల్ చేశామని చెప్పే గ్రంథాలయాలు రెండు మూడు ప్రతులను వేర్వేరు ఊళ్లలో ఉంచి, ఏటా తెరిచి చూసి, అయిదారేళ్లకోసారి కొత్త డిస్కులకు మార్చేందుకయ్యే ఖర్చును బడ్జెట్‌లోనే చూపాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కాకినాడ