యాంటీవైరస్ ఫోల్డరుకు తాళమేదీ?

సంపాదకులకు,

గత ఆదివారం మీ సాంకేతిక శీర్షికలో యాంటీవైరస్ కొనుక్కుంటే నిశ్చింతగా ఉండవచ్చని రాశారు. ఇరవై ఏళ్లుగా గుంటూరు లాలాపేటలో కంప్యూటర్లు బాగుచేస్తున్న నాకు ఆ మాట మింగుడుపడలేదు.

మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో కంప్యూటర్లు నేనే చూస్తాను. యజమానికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం బిల్లులు) కొట్టే గుమస్తాకు పరిమిత ఖాతా పెట్టాను. గుమస్తా కొత్త ప్రోగ్రాములు ఎక్కించలేడు, యజమాని ఫైళ్లు తెరవలేడు. నా ఏర్పాటుకు నేనే మురిసిపోయాను కూడా. పోయిన నెల పాత లైసెన్సు ముగిస్తే డబ్బు కట్టి వేరే యాంటీవైరస్ వేశాం. దాని ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి సెక్యూరిటీలోకి వెళ్తే మొదటి పేరే ‘ఎవ్రీవన్’, కింద ‘ఫుల్ కంట్రోల్’ ఎదురుగా టిక్కు. ఆ కంప్యూటర్లో ఏ ఖాతాతో కూర్చున్నవారైనా అందులోని ఫైళ్లను మార్చేయవచ్చన్నమాట.

‘అయితే ఏమవుతుందండీ?’ అన్నారు యజమాని. ఆయన ముందే గుమస్తా ఖాతాలో కూర్చుని, యాంటీవైరస్ సర్వీసు ఫైలుకు (కంప్యూటర్ వేయగానే దానంతటదే నడిచే ప్రోగ్రాముకు) పేరు మార్చి, పాత పేరుతో నా చిన్న ప్రోగ్రాము పెట్టాను. తాను ఎవరి ఖాతా కింద నడుస్తున్నదో ఒక టెక్స్ట్ ఫైల్లో రాయడమే దాని పని. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాం. ఫైల్లో ఒకటే లైను: ‘ఎన్‌టీ అథారిటీ, సిస్టం’. అది విండోస్ తన సొంత పనులకు వాడుకునే ఖాతా; దానికి తెరవరాని గది దాదాపు లేదు. నా ప్రోగ్రాము కాబట్టి పేరు రాసి ఊరుకుంది. దొంగది అయితే, కోల్డ్ స్టోరేజీ వాచ్‌మన్ కుర్చీలో తాళాలగుత్తితో సహా కూర్చున్నట్లే.

తప్పు విండోస్‌ది కాదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మామూలు ఖాతాలకు చదవడానికి, నడపడానికే అది అనుమతిస్తుంది. అప్‌డేట్లకు అడ్డు రాకూడదని కాబోలు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఈ కంపెనీ తలుపులు బార్లా తెరిచింది. పాత జబ్బే ఇది; సాఫ్ట్‌వేర్ లోపాల జాబితాలో సీడబ్ల్యూఈ-276 అని దీనికి అంకె కూడా ఉంది.

కంపెనీకి రాస్తే ‘తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి’ అన్నారు. చేశాను. ‘ఎవ్రీవన్’ మళ్లీ ప్రత్యక్షం! చివరికి ఆ అనుమతిని నేనే తీసేశాను. సిస్టం, అడ్మినిస్ట్రేటర్ల అనుమతులు మాత్రం కదపలేదు, అవి పోతే యాంటీవైరసే మూలపడుతుంది. కొనుక్కున్నవారంతా ఇలా చేసుకోగలరా? సరైన అనుమతులతో అమ్మడం కంపెనీ బాధ్యత. ఇలాంటి లోపాల గురించి ఎవరైనా తెలపడానికి కేంద్ర ఐటీ శాఖ కింద 2004 నుంచి సెర్ట్-ఇన్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ ఉంది. నేనూ వివరాలన్నీ అక్కడికి పంపాను.

వచ్చే ఆదివారం శీర్షికలో యాంటీవైరస్ ధరలతో పాటు, ఆ ఫోల్డరు అనుమతులు ఎలా చూసుకోవాలో కూడా ఒక బొమ్మ వేసి చూపించండి.

— ఒక కంప్యూటర్ మెకానిక్, లాలాపేట, గుంటూరు