ఆశా దీదీకీ, రక్తమిచ్చిన కుర్రాళ్లకీ, ల్యాబ్ బాబాయిగారికీ

మా చిన్నోడి రిపోర్టు ఈ వారమే చేతికొచ్చింది. అందుకే ఇన్నాళ్లకి రాస్తున్నాను.

వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా 14 రోజులు ప్రైమాక్విన్ వేయమన్నారు. రెండు మూడు రోజులకే పిల్లాడు నీరసపడి మంచం దిగలేదు. మాత్రలు వేస్తున్నామో లేదో చూడ్డానికొచ్చిన ఆశా దీదీ వాడి కనురెప్ప కిందికి లాగి చూసి, "ఒంటేలు ఏ రంగులో పోస్తున్నాడమ్మా?" అంది. కాఫీ డికాషన్‌లా ఉందన్నాను. అక్కడికక్కడే మాత్ర ఆపించి, డాక్టరుగారికి ఫోన్ చేసి, బండి కూడా తనే మాట్లాడింది. దీదీ, మీరు ఆ మాట అడక్కపోతే రాత్రి మాత్ర నా చేత్తోనే వేసుండేదాన్ని.

పర్లాకిమిడి నుంచి ఇచ్ఛాపురం మీదుగా బరంపురం చేర్చిన బండి తమ్ముడు డీజిలు డబ్బులే తీసుకున్నాడు. రక్తం కావాలనగానే ఇద్దరు కాలేజీ కుర్రాళ్లొచ్చారు. ఒకరు ఒడియా, ఒకరు మన తెలుగబ్బాయి. పేర్లు కూడా సరిగ్గా చెప్పకుండా వెళ్లిపోయారు. మీ అమ్మానాన్నలు చల్లగా ఉండాలి.

ల్యాబ్ బాబాయిగారు మైక్రోస్కోపులో నన్నూ చూడమన్నారు. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొన్నిటికి అంచు కొరికేసినట్టుంది. ఇంకో స్లైడులో కణాల అంచున ముదురు చుక్కలు. చెడి ముద్దకట్టిన హిమోగ్లోబిన్ అదేనట. ప్లీహం దాన్ని పీకేస్తుంటే అంచు కూడా ఊడొస్తుందట. వాడికి జి6పిడి ఎంజైము తక్కువ. ఆక్సీకరణ దెబ్బ నుంచి ఎర్రకణాన్ని కాచే గ్లూటాథయోన్ తరిగిపోకుండా చూసేది ఆ ఎంజైమే. ప్రైమాక్విన్ పడేసరికి, 120 రోజులు బతకాల్సిన కణాలు ముందే పగిలిపోయాయి.

అప్పటి పరీక్షలో ఎంజైము బాగానే ఉన్నట్టొచ్చింది. పాత కణాలు పగిలిపోయి, ఎంజైము ఎక్కువుండే కొత్తవి మిగిలితే అలాగే వస్తుందని, మూడు నెలలాగి మళ్లీ చేయించమని చీటీ మీద రాసిచ్చింది బాబాయిగారే. ఆ చీటీ వల్లే ఇవాళ అసలు సంగతి తేలింది.

ఇది తల్లి వైపు నుంచి మగపిల్లలకొస్తుంది కాబట్టి మా అక్క కొడుకులకీ చేయిస్తున్నాం. బీరువాలో కలరా ఉండలు తీసేశాం, అవీ పడవు. మన కొండ ఊళ్లలో ప్రైమాక్విన్ అవసరమైన మందే, భయపడి మానేయొద్దు. వేసేముందు జి6పిడి పరీక్ష చేయమని అడగండి.

మా ఆయనది బి పాజిటివ్. పర్లాకిమిడి, బరంపురం వైపు ఎవరికి రక్తం కావాలన్నా ఏ వేళనైనా కబురు పెట్టండి, వస్తారు.