గులాబీల కూర సీను ఎగరగొట్టి, సినిమా అర్థం కాలేదంటే ఎట్లా?

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన మంగళవారం మీ సిటీ పేజీలో కింద ఎడమ పక్కన, మోకాళ్ల నొప్పుల ప్రకటనకు ఆనుకొని ఒక చిన్న వార్త వేశారు. ఫిల్మ్ క్లబ్బు వాళ్లు ఆదివారం చూపించిన 'లైక్ వాటర్ ఫర్ చాకొలేట్' సినిమాకు మిశ్రమ స్పందన వచ్చిందని. కోపం తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ రోజు నేనూ హాల్లోనే ఉన్నాను, ఏడో వరసలో, స్తంభం పక్కన. మీ విలేకరి రెండో వరసలో ఉన్నారు. సమోసాల దాకా కనిపించారు, ఆ తర్వాత లేరు. అయినా చివరి అరగంట సాగదీశారని వార్తలో వచ్చింది!

స్పానిష్ మాట్లాడారు కాబట్టి స్పెయిన్ సినిమా అని రాసేశారు. అది మెక్సికో సినిమా. తెలుగు మాట్లాడేవాళ్లంతా ఒకే రాష్ట్రం అనుకునే రోజులు మనకే పోయాయి కదా, వాళ్లనెందుకు ఒక గాటన కడతారు? 1989లో లారా ఎస్కివెల్ రాసిన నవల అది. ఆవిడే స్క్రీన్‌ప్లే రాస్తే, అప్పటి ఆవిడ భర్త అల్ఫోన్సో అరావ్ 1992లో సినిమా తీశాడు. వాళ్ల దేశంలో సినిమాలకిచ్చే ఏరియల్ అవార్డులు పది వచ్చాయి. పేరుకు అర్థం కూడా మీరు 'చాకొలేట్ లాంటి తియ్యని ప్రేమ' అని రాశారు. అక్కడ చాకొలేట్‌ను సలసల మరిగే నీళ్లలో కలుపుకుని తాగుతారు. లోపల్లోపల ఉడికిపోయే మనిషిని ఆ నీళ్లతో పోలుస్తారు. మనం కుతకుత ఉడికిపోతున్నాడంటామే, అట్లా. తీపికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఇక ఆ రోజు జరిగిన సంబరం. ఆరు గంటలకన్న ప్రదర్శన ఏడు దాటాక మొదలైంది. అప్పటిదాకా దీపం, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం. ఆయన రిటైరైన పెద్ద అధికారి. ఆఖరున ఎవరు పోతారో, ఇల్లు ఎట్లా తగలబడుతుందో కూడా మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. సన్మానం అయిపోయాక వేదిక మీది సింహాసనాలు తీయలేదు. వాటి వీపులు సరిగ్గా సబ్‌టైటిల్స్‌కు అడ్డం. తీయమని ఇద్దరం అరిస్తే, హాలు మనిషి ఎనిమిదింటికి వస్తాడు, అతనే తీయాలన్నారు. కుర్చీ జరపడానికి కూడా డ్యూటీ చార్టు ఉంటుందని అప్పుడే తెలిసింది. అంటే సగం సినిమా దాకా మేం స్పానిష్‌లోనే చూశాం.

ఇంతకన్నా ఘోరం ఇంకొకటుంది. మీ వార్తలో దాని ఊసే లేదు.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. తీతా అనే అమ్మాయి ఇంటికి చిన్న కూతురు. ఆ ఇంటి ఆచారం ప్రకారం చిన్న కూతురు పెళ్లి చేసుకోకూడదు, తల్లి పోయేదాకా సేవ చేయాలి. ప్రేమించిన పెద్రో పెళ్లి అడగడానికి వస్తే, తల్లి తీతాకు బదులు ఆమె అక్కను అంటగడుతుంది. తీతాకు దగ్గర్లో ఉండొచ్చని వాడు ఒప్పుకుంటాడు, అదొక తెలివి. ఆ పెళ్లికి కేకు చేయాల్సిందీ తీతాయే. పిండిలో ఆమె కన్నీళ్లు పడతాయి, ఆ కేకు తిన్న పెళ్లివాళ్లంతా పోగొట్టుకున్న ప్రేమలు తలచుకుని ఏడుస్తారు, వాంతులు చేసుకుంటారు. తర్వాతొక రోజు పెద్రో ఇచ్చిన గులాబీల రేకులతో ఆమె కౌజు పిట్టల కూర వండుతుంది. అది తిన్న ఇంకో అక్క హెర్త్రూదిస్ ఒంట్లో పుట్టిన వేడికి స్నానం చేసే చెక్కల గది అంటుకుంటుంది. ఆమె బట్టల్లేకుండా బయటికి పరుగెత్తుతుంది, విప్లవ సైనికుడొకడు గుర్రం మీద ఎక్కించుకుపోతాడు. సినిమాకు అది ఆయువుపట్టు.

మాకు అది చూపించలేదు. భోజనాల బల్ల దగ్గర కూర మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, ఎవరో పెద్దమనిషి 'ఫ్యామిలీస్ ఉన్నారయ్యా' అని కేకేశారు. ల్యాప్‌టాప్ ముందున్న కుర్రాడు కంగారుపడి పది నిమిషాలు ముందుకు తోసేశాడు. ఆ తర్వాత హెర్త్రూదిస్ విప్లవ సైన్యంలో జనరల్ అయి తిరిగొస్తే, ఈవిడెవరు, ఎక్కణ్నుంచి ఊడిపడిందని నా పక్కావిడ నన్నడిగింది. నేను ముందే చూశాను కాబట్టి చెప్పగలిగాను. మిగతావాళ్లకు ఎవరు చెప్పాలి? మంగళవారం మీరేమో 'కథలో పొందిక లేదని పలువురు అభిప్రాయపడ్డారు' అని వేశారు. పొందిక కుర్రాడి వేలికింద నలిగిపోయింది సార్. అదే పెద్దమనుషులు వినాయక చవితి మండపాల దగ్గర పదేళ్ల పిల్లలు ఐటెం సాంగులకు గంతులేస్తుంటే ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తారు. అప్పుడు ఫ్యామిలీలు ఎక్కడికి పోతాయో!

మీరు రాసిన మిగతా 'స్పందనల'కు వస్తాను. వంటలో కన్నీళ్లు పడితే తిన్నవాళ్లు ఏడవడమేమిటి, లాజిక్ లేదని కొందరన్నారట. మామిడికాయ తొక్కు జాడీని ముట్టయిన ఆడమనిషి తాకితే బూజు పడుతుందని నమ్మే ఇళ్లు ఈ నగరంలో ఎన్ని లేవు? అక్కడ లాజిక్ ఎవరూ అడగరు. అన్నం గిన్నె వీధిలోంచి తెచ్చేటప్పుడు దిష్టి తగులుతుందని మూత పెడతాం. 1957 నుంచి ఇప్పటిదాకా 'మాయాబజార్'లో లడ్లు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరిపోతుంటే మనవళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూస్తున్నాం. రాక్షసుడి ఆకలి కోసం వంటలు కదిలితే నవ్వుతాం. ఒక ఆడపిల్ల దుఃఖం వంటలోకి దిగితే మాత్రం లాజిక్ కావాలి.

ఇంకొందరు ఇది మన సంస్కృతి కాదన్నారట. చదివి నేను కాసేపు పేపరు పక్కన పెట్టేశాను.

మాకొక చిన్న మేనత్త ఉండేది. మా నానమ్మ పక్షవాతంతో మంచాన పడ్డాక ఆమె పెళ్లి మాట ఎవరూ వద్దనలేదు. ఉగాది పోనీ అన్నారు, శ్రావణం రానీ అన్నారు, అట్లా నలభై ఏళ్లు వచ్చాయి. ఊళ్లో ఏ ఇంట్లో శుభకార్యమైనా పులిహోర కలపడానికి ఆమెను పిలిచేవాళ్లు. సంక్రాంతికి సకినాలు ఆమె చుట్టినంత గుండ్రంగా ఎవరూ చుట్టలేరు. ఆమెను చేసుకుంటానని ఒకప్పుడు కబురంపిన వాళ్లింట్లోనే, వాళ్ల రెండో అబ్బాయి పెళ్లికి, ఆమె చింతపండు పులుసు కాచి పులిహోర కలిపింది. మేం పిల్లలం బస్తాల మీద కూర్చుని చూశాం. ఆ పులిహోర తిని ఒక్కరూ ఏడవలేదు. బాగుందని రెండోసారి వడ్డించుకున్నారు. నాకు వింతగా అనిపించేది అదీ, ఆ మెక్సికో పెళ్లిలో జరిగింది కాదు.

కాబట్టి మన సంస్కృతి ఏదో, ఏది కాదో తేల్చే పని అంత తొందరగా చేయకండి. మనం మనదని ఎగరేసే గుంటూరు మిరపకాయ కూడా ఆ మెక్సికో వైపు నుంచి వచ్చిందే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసులు ఓడల్లో తెచ్చేదాకా మనకు కారమంటే మిరియాలు, పిప్పళ్లు, అల్లం. టమాటా, జామ, సీతాఫలం కూడా ఆ దేశాలవే. సినిమా ఆఖర్లో వచ్చే పెళ్లి వంట చూశారా? చూసి ఉండరు, మీవాళ్లు వెళ్లిపోయారు. పెద్ద పచ్చిమిరపకాయల్లో కూర కూరి, మీద తెల్లటి అక్రోటు గుజ్జు పోసి, ఎర్రటి దానిమ్మ గింజలు చల్లుతారు. వాళ్ల జెండా రంగులు మూడూ పళ్లెంలో ఉంటాయి. మన మిర్చి బజ్జీకి దూరపు చుట్టం. గులాబీలతో వంట ఏమిటని ముక్కు విరిచినవాళ్లు బయటికి రాగానే డబ్బా దగ్గర గులాబీ రేకుల గుల్కంద్ వేయించుకుని మీఠా పాన్ నమలడం నా కళ్లతో చూశాను.

2019లో యునెస్కో వాళ్లు మన హైదరాబాద్‌ను ఆహార సంస్కృతికి పేరుపడ్డ సృజనాత్మక నగరాల్లో చేర్చారు. అప్పట్లో అధికారులు దండలు వేసుకుని ఫొటోలు దిగారు. ఆ తర్వాత ఏం చేశారో మీరెప్పుడైనా అడిగారా? తిండి గురించి మనవాళ్లు నోరు విప్పేది నిషేధాలప్పుడే. 2024లో పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు ఆపేశారు. మంచిపనే, కాదనను. కానీ ఫుడ్ ఫెస్టివల్ అంటూ పెడితే నూడుల్సూ మంచూరియానే. సర్వపిండి ఎక్కడని అడిగితే మనల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూస్తారు. బోనం అంటేనే భోజనం. కుండలో అన్నం వండి తలమీద పెట్టుకుని అమ్మవారి దగ్గరికి నడిచే ఊరు మనది, ఆషాఢమంతా నడుస్తుంది. ఇట్లాంటి ఊళ్లో, వంట గురించిన సినిమాకు పిలిచి చల్లారిన సమోసా నలభై రూపాయలకు అమ్మారు. లోపల బంగాళాదుంప ఉడకలేదు. చట్నీ అడిగితే గుమ్మడికాయ వాసన కొట్టే సాస్ ప్యాకెట్ చేతిలో పెట్టారు. దాని మీద స్పందన మాత్రం మిశ్రమంగా లేదు, అందరూ తిట్టారు. మీరు అది వేయలేదు.

వచ్చే నెల మళ్లీ ఏదో సినిమా వేస్తారట. మీ పత్రిక మాట క్లబ్బు వాళ్లు వింటారు కాబట్టి చెప్పండి. సింహాసనాలు దీపంతోపాటే లోపలికి పంపమనండి. ముఖ్య అతిథిని సినిమా అయ్యాక మాట్లాడమనండి. ల్యాప్‌టాప్ కుర్రాడిని సమోసాల దగ్గర నిలబెట్టి, బటన్ నొక్కడానికి ఎవరినైనా ధైర్యస్థులను కూర్చోబెట్టమనండి. నేను వస్తాను, అదే స్తంభం పక్కన ఉంటాను.

సవరణ వేసేట్టయితే మెక్సికో అని వేయండి.

ఇట్లు
ఒక రిటైర్డ్ టీచరు
విద్యానగర్, హైదరాబాద్