నాన్న బండి మళ్ళీ రోడ్డెక్కింది: మేస్త్రి గారికి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

రాత్రి పదకొండు దాటింది. చేతులకి గ్రీజు ఇంకా పూర్తిగా వదల్లేదు, నడుం పట్టేసింది, నిద్ర మాత్రం రావట్లేదు. ఇవాళ సాయంత్రం మా నాన్న టాటా మొబైల్‌కి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. పద్నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడే రాయకపోతే రేపటి నుంచి స్కూలు, పేపర్లు దిద్దడం మీద పడతాయి, చెప్పాల్సిన మాట నాలోనే ఉండిపోతుంది.

బండి గురించి తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. ఇది 1992 మోడల్ టాటా మొబైల్ 206. టాటా వాళ్ళు 1988లో తెచ్చిన పికప్ ఇది, సియెర్రా, సుమో దీని తరవాతే వచ్చాయి. నాన్న 1996లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆగిరిపల్లి దగ్గర మా తోటలో సాయంత్రం కాయ దించి, గడ్డి పరిచి, ట్రేలు సర్ది, తెల్లారేసరికి నున్న మార్కెట్టులో ఉండేవారు. నేను పదో తరగతి పరీక్షలకి వెళ్ళింది ఈ బండి ముందు సీట్లోనే. 2014లో ఇంజను పట్టేసింది. చింతచెట్టు కింద టార్పాలిన్ కప్పి, "వచ్చే కాపుకి చేయిద్దాం" అన్నారు. అలా అంటూనే ఏళ్ళు గడిచాయి, మూడేళ్ళ కింద ఆయనే వెళ్ళిపోయారు.

పాత ఇనుము కొనే అతను వచ్చి బండి చుట్టూ తిరిగి కేజీల్లెక్కన రేటు చెప్పాడు. ఆ రోజు అన్నం సహించలేదు. మర్నాడు టార్పాలిన్ తీసేశాను. డ్రైవరు కాళ్ళు పెట్టే చోట రేకు లేదు, నేల కనిపిస్తోంది. తలుపుల అడుగు అంచులు చేత్తో నలిపితే పొడిగా రాలాయి. నాకు అప్పటికి స్పానరు సైజులు కూడా తెలియవు. లెక్కల టీచర్ని నేను.

ఇంట్లో వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. మా ఆయన, అమ్మ, తమ్ముడు లేకపోతే ఒక్క బోల్టు కూడా ఊడేది కాదు. అది వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇంజను కష్టం అనుకున్నాను గానీ అదే ముందు లొంగింది. మా పక్క ఊరి ట్రాక్టరు మెకానిక్ హీటర్ ప్లగ్గులు విప్పించి, ఆ రంధ్రాల్లోంచి డీజిలు, ఇంజనాయిలు కలిపి పోయించాడు. పది రోజులు అలాగే ఉంచి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పొడుగు పానా వేసి రోజూ కొంచెం కొంచెం ఆడించాం. పదకొండో రోజు తిరిగింది. సుమోకి వచ్చిన 1,948 సీసీ డీజిల్ ఇంజనే దీనికీ ఉంది కాబట్టి రింగులు, గ్యాస్కెట్లు, ఇంజెక్టర్ నాజిళ్ళు దొరికాయి.

నన్ను ఏడిపించింది రేకు. వీడియోలు చూసి ధైర్యం చేసి, ఊళ్ళో గేట్లు చేసే వాళ్ళ కరెంటు వెల్డింగ్ మిషను అద్దెకి తెచ్చి 18 గేజి రేకు మీద రాడ్డు పెట్టాను. పెట్టిన చోటల్లా బొక్క. బొక్క పూడ్చబోతే ఇంకా పెద్ద బొక్క. మూడు ఆదివారాలు అదే పని. చివరికి ఆ కాలిన ముక్కని సంచిలో వేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. నాలుగు షెడ్లలో అడిగాను. ఒకరు బండి తీసుకురమ్మన్నారు, ఒకరు తుక్కుకి ఇచ్చేయమన్నారు, ఇద్దరు తలెత్తి చూడలేదు. పనిలో ఉన్నారు, వాళ్ళని అనట్లేదు.

ఐదో షెడ్డు బయట స్టూలు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఆయన పేరు రాయొద్దన్నారు, అందుకే రాయట్లేదు. నలభై ఏళ్ళకి పైగా టింకరింగ్, అంటే బళ్ళ రేకు పని, చేసిన మేస్త్రి, ఇప్పుడు షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు. నా చేతిలో ముక్క తీసుకుని, వెలుతురుకి ఎత్తి పట్టి, కాలిన అంచు మీద బొటనవేలు నడిపించారు. "ఎవరు చేశారమ్మా ఇది?" అన్నారు. నేనే అన్నాను. నవ్వుతారనుకున్నాను. "రేకు సన్నం, రాడ్డు లావు. నీ తప్పేం లేదు. బండి ఎక్కడుంది?" అన్నారు.

ఆ తరవాతి ఆదివారం మొదటి బస్సుకి దిగారు. భుజాన సుత్తులు, డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) ఉన్న సంచి. కొడుకు చేత రాడ్డు బదులు సన్న వైరుతో అతికే సీఓటూ వెల్డింగ్ మిషను, సిలిండరు ట్రాలీ ఆటోలో పంపించారు. అలా ఒకటి కాదు, పద్నాలుగు ఆదివారాలు.

ఆయనకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. వెల్డింగ్ మంట చూడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడట. అందుకని నాకు మాస్కు తొడిగి, వెల్డింగ్ టార్చి చేతికిచ్చి, ఆయన మామిడిచెట్టు వైపు తిరిగి, నాకు వీపు పెట్టి నిలబడేవారు. చూడరు, వింటారు. "పోపులో ఆవాలు చిటపటమన్నట్టు రావాలి. ఇప్పుడు టపటపమంటోంది, వైరు ఎక్కువొస్తోంది, తగ్గించు." నేను నాబ్ తిప్పేదాన్ని. "ఇప్పుడు బుస్సుమంటోంది, రేకు కాలుద్ది, ఆపు." అటు తిరిగి నిలబడే నా చెయ్యి ఎక్కడ తడబడిందో చెప్పేవారు. ఒక మధ్యాహ్నం వరసగా పది చుక్కలు ఒకే చప్పుడుతో పడ్డాయి. ఆయన ఏమీ అనలేదు. తల మాత్రం నెమ్మదిగా ఊపారు. వెనక నుంచి ఆ తల ఊపడం చూసి మాస్కు లోపలే ఏడ్చాను.

ఫ్లోరు అతికేటప్పుడు నేను గీత లాగినట్టు ఒక్క సారిగా కుట్టుకుంటూ పోబోయాను. "నువ్వు ముగ్గు వేస్తావు కదమ్మా? ముందు చుక్కలన్నీ పెట్టు, తరవాత కలుపు. ఇక్కడొకటి, అక్కడొకటి, మధ్యలో చల్లారనివ్వు. ఒక్క చోటే వేడి పెడితే రేకు వంకర తిరుగుద్ది." అప్పటికి నేను చూసిన వీడియోలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. మా ఫ్లోరు ఇవాళ అప్పడంలా తిరగలేదంటే ఆ చుక్కల వల్లే. తుప్పు గీకి, రెడాక్సైడ్ కొట్టి, అతుకుల మీద సీలెంట్ రాసేదాకా దగ్గరుండి చేయించారు. పుట్టీ మాత్రం ఎక్కువ పెట్టనివ్వలేదు. పుట్టీ కింద తుప్పు దాక్కుంటుందని ఆయన పట్టుదల.

మొదటి రోజే ఇంకో మాట చెప్పారు. కుడి పక్క ఛాసిస్ మీద నంబరు కొట్టి ఉన్న చోట చాక్‌పీసుతో చతురస్రం గీసి, "ఇక్కడ గ్రైండరు తగిలిందా, బండి ఉన్నా లేనట్టే" అన్నారు. ఆ మాట విలువ నాకు రవాణా ఆఫీసులో తెలిసింది.

ఆఫీసు ఏదో రాయను. కానీ రాయకుండా ఉండలేని సంగతి ఒకటుంది. మా ఆర్సీ చేతిరాత పుస్తకం. కంప్యూటర్లో ఎక్కలేదు కాబట్టి బండే లేదన్నారు. పుస్తకం మీద వాళ్ళ సీలే ఉంది, వాళ్ళ సంతకమే ఉంది. నాన్న పోయారు కాబట్టి ఫారం 31, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, నాన్న డెత్ సర్టిఫికెట్, అమ్మ సంతకం, తమ్ముడి సంతకం. అన్నీ ఇచ్చాక, పేరు మార్చాలంటే ముందు ఫిట్‌నెస్ ఉండాలన్నారు. ఫిట్‌నెస్ కోసం పక్క కిటికీకి వెళ్తే ముందు పేరు మార్పు అన్నారు. ఐదు సార్లు సెలవు పెట్టాను. మూడోసారి ఛాసిస్ నంబరు పెన్సిల్ అచ్చులో ఒక అంకె మూడో ఎనిమిదో తెలియట్లేదని ఫైలు వెనక్కి ఇచ్చారు. "ఎందుకమ్మా ఈ తంటా, 2021లో తుక్కు పాలసీ వచ్చింది కదా, ఇచ్చేయండి" అని ఒకాయన సలహా. పదిహేనేళ్ళు దాటిన బళ్ళకి 2022 ఏప్రిల్ నుంచి ఫీజులు ఎంత పెంచారో అందరికీ తెలుసు. అదీ కట్టాను. డబ్బు గురించి కాదు నా బాధ. పొగ తక్కువ, బ్రేకులు గట్టివి, రేకు కొత్తది అని చూపిస్తానంటే, చూడటానికి కుర్చీలోంచి లేచే మనిషి లేకపోవడం. నాకంటే చదువు తక్కువున్న రైతు, సెలవు పెట్టే ఉద్యోగం లేని డ్రైవరు అదే కిటికీ ముందు ఎన్నిసార్లు నిలబడాలి? ఆ క్యూలో నా ముందున్న ముసలాయన మూడు గంటలు నిలబడి జిరాక్సు ఒకటి తక్కువైందని వెళ్ళిపోయాడు. ఆ మొహం ఇంకా కళ్ళ ముందే ఉంది.

అంకె సంగతి మేస్త్రి గారికి ఫోన్లో చెబితే గీకొద్దన్నారు. కిరసనాయిల్లో గుడ్డ తడిపి రాత్రంతా దాని మీద ఉంచి, పొద్దున పాత టూత్‌బ్రష్షుతో నెమ్మదిగా తోమి, చాక్‌పీసు పొడి రుద్ది తుడవమన్నారు. అలాగే చేశాను. గాడిలో తెల్లగా నిలిచింది పొడి. మూడు.

ఇక ఇవాళ. పొద్దున తొమ్మిదింటికి బండి తీసుకెళ్ళాను. లైట్లు, హారను, హ్యాండ్ బ్రేకు, అన్నీ చూసి, బండి కిందకి వంగి ఫ్లోరు అతుకులు టార్చి వేసి చూశారు. సాయంత్రం దాకా టెన్షన్. కాగితం చేతికొచ్చి గేటు బయటికి వస్తే, రోడ్డవతల టీ కొట్టు బెంచీ మీద మేస్త్రి గారు. పక్కన అదే సంచి, లోపల సుత్తి, డాలీ. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నారట. నాకు చెప్పలేదు. ఎందుకు బాబాయ్ అంటే, "ఏ అతుకైనా పగిలిందంటే అక్కడికక్కడ సరిచేద్దామని. నువ్వు చూస్తే కంగారు పడతావని లోపలికి రాలేదు" అన్నారు. ఆ ఎండలో, ఆ కళ్ళతో, ఏడెనిమిది గంటలు. నా మనిషి కాదు, నా ఊరు కాదు, నా దగ్గర రూపాయి తీసుకోలేదు. నడిరోడ్డు మీద ఆయన చేతులు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన భుజం తట్టి, "స్టార్ట్ చెయ్, చప్పుడు వింటా" అన్నారు. ఐడిలింగ్‌లో కాసేపు విన్నారు, ఎక్కి నా పక్కన కూర్చున్నారు. ఆటోనగర్ దాకా నేనే నడిపాను. నాన్న పోయాక ఆ బండిలో నా పక్క సీటులో ఒక పెద్దాయన కూర్చోవడం అదే మొదలు.

మేస్త్రి గారూ, మీ అబ్బాయి ఇది చదివి వినిపిస్తానన్నాడు. మీకు థాంక్స్ అనే మాట చాలదు, వేరే మాట నాకు తెలియదు. మీకు దండం.

అయ్యో, మర్చిపోయినవాళ్ళు ఉన్నారు. స్ప్రింగ్ పట్టీ బుష్షులు చేసిచ్చి సగం డబ్బులే తీసుకున్న లేత్ షాపు అన్న. సుమో తుక్కులో గంట వెతికి హీటర్ రిలే తీసిచ్చిన పాత సామాన్ల అక్క. డీజిల్ పంపు కాలిబ్రేషన్ చేసి, ఎయిర్ ఎలా తీయాలో ఫోన్లో రెండుసార్లు ఓపిగ్గా చెప్పిన తమ్ముడు. మోకాళ్ళ మీద కూర్చుని ఫ్లోరు చూసిన ఇనస్పెక్టరు గారు కూడా. ఆయన కుర్చీలోంచి లేచారు, అది రాయకపోతే అన్యాయం.

ఇంకా, ఆదివారం మొదటి బస్సు కండక్టరు గారు. ఆ సుత్తుల సంచికి పద్నాలుగు వారాల్లో ఒక్కసారీ లగేజి టికెట్ కొట్టలేదట. ఆ సంగతి మేస్త్రి గారు ఇవాళే చెప్పారు.

మేస్త్రి గారు నన్ను అడిగింది ఒక్కటే, కాపు దిగాక ఓ బుట్ట చిన్న రసాలు. మే నెలలో ఈ బండి మీదే తీసుకెళ్తాను.