కమ్మచ్చులో లాగని తీగ

సంపాదకులు గారికి నమస్కారాలు.

భువనేశ్వర్‌లో సిలికాన్ కార్బైడ్ కర్మాగారానికి, ఆంధ్రప్రదేశ్‌లో చిప్ ప్యాకేజింగ్ కర్మాగారానికి 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒకేసారి ఆమోదం తెలిపినప్పటి నుంచి మీ పత్రికలో సెమీకండక్టర్ల (చిప్‌ల తయారీకి వాడే అర్ధవాహకాల) వార్తలు తరచుగా వస్తున్నాయి. అందుకు సంతోషం. అయితే పెట్టుబడి ఎంతో, ఉద్యోగాలు ఎన్నో చెప్పినంత వివరంగా ఆ వస్తువు ఎలా తయారవుతుందో చెప్పడం లేదు. ఇటీవల కాంతి సాయంతో తయారయ్యే, కంటికి కనిపించనంత సన్నని నానోతీగల గురించి వేసిన చిన్న వార్తలో తీగను కాంతితో ‘లాగుతారు’ అని రాశారు. లాగరు, పెంచుతారు. విషయమంతా ఆ తేడాలోనే ఉంది.

బరంపురంలో మా పొరుగున ఉన్న కంసాలి గారు వెండి తీగను కమ్మచ్చు బెజ్జాల్లో వరుసగా లాగి సన్నం చేస్తారు. మీటరులో వందకోట్లవ వంతు నానోమీటరు. కొన్ని పదుల నానోమీటర్ల మందం ఉండే సిలికాన్ తీగకు సరిపడే కమ్మచ్చు ఎక్కడా లేదు, అది మొలకలా లేవాలి. 1964లో బెల్ ప్రయోగశాలల శాస్త్రవేత్తలు వాగ్నర్, ఎల్లిస్ చూపిన దారి ప్రకారం, సిలికాన్ పలకపై బంగారు చుక్క ఉంచి, వేడిచేసి, సిలికాన్ ఉన్న వాయువును పంపితే, అందులోని సిలికాన్ చుక్కలో కరిగి, చుక్క ఇక పట్టలేనంత నిండాక అడుగున స్ఫటికంగా పేరుకుంటుంది. ఆ చుక్కను తలపై మోస్తూ తీగ పైకి లేస్తుంది. బంగారం 1064, సిలికాన్ 1414 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగేవైనా, తగిన పాళ్లలో కలిస్తే 363 డిగ్రీలకే ద్రవమవుతాయి. ఈ మాట చెప్పగానే కంసాలి గారు, “మా టంకం సూత్రమే కదండీ” అన్నారు. లోహాలను అతికే టంకం కూడా మిశ్రమం కనుకే తక్కువ వేడికి కరుగుతుంది.

ఆ వేడిని కొలిమితో ఇస్తే పలకంతా కాలుతుంది. లేజర్ కిరణం పడిన చోటే వేడి పుట్టిస్తుంది కనుక తీగ కావలసిన చోటే పెరుగుతుంది. దీని విలువ నాకు కంసాలి గారి దగ్గరే అర్థమైంది: వెలిగారం పూసిన అతుకు మీద ఊదుగొట్టంతో మంట ఊదుతున్నప్పుడు ఊపిరి ఒక్క క్షణం ఎక్కువైతే చాలు, సన్న తీగ కాస్తా ముడుచుకుపోయి వెండి పూసగా మారిపోతుంది.

పెరిగిన తీగలను అమర్చడానికీ కాంతే పనికొస్తుంది. లేజర్ కిరణపు కేంద్రం సూక్ష్మ రేణువులను తనవైపు లాగి నిలుపుతుందని అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ ఆష్కిన్ 1986లో చూపారు. అందుకు 2018లో, 96 ఏళ్ల వయసులో, నోబెల్ అందుకున్నారు. 2006లో అమెరికాలోని బర్క్‌లీ శాస్త్రవేత్తలు ఈ కాంతి పట్టకారుతో నీటిలోని నానోతీగలను పట్టి కోరిన చోట నిలిపారు. 2019లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు కొనలకు బిస్మత్ ఉన్న జర్మేనియం తీగలను కాంతితోనే పట్టి, కాంతితోనే అతికారు. ఒక్కొక్కటిగా చేసే ఈ పని కోట్ల ట్రాన్సిస్టర్ల చిప్‌కు చాలా నిదానం కనుక, రేపే కర్మాగారాలకు వస్తుందని నేననను.

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మన పిల్లలు చాలామంది విజ్ఞానశాస్త్రాన్ని ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుతున్నారు. వారికి ఇంట్లో దొరికే తెలుగు చదువు మీ పత్రికే. బరంపురంలో 2016 నుంచి భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలను అడిగి, ఇలాంటి విషయాలను వారానికి అర పేజీ అయినా తెలుగులో, బొమ్మలతో వేయవలసిందిగా కోరుతున్నాను. మొదటి వ్యాసం ఈ తీగ మీదే అయితే, చుక్కను తలపై మోస్తూ అది లేచే బొమ్మను నేనే గీసి పంపగలను.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా